రాష్ట్రాలకు జెండా ఉండొచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నవంబరు 1 వస్తే కర్ణాటకలో ఊరూరా పసుపు, ఎరుపు జెండాలు కనిపిస్తాయి. అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కూడా. ఇక్కడ మాత్రం అలాంటి జెండా ఏదీ లేదు. ఈ తేడా గురించి అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఎంచుకున్నాం. రాజ్యాంగం, న్యాయం తెలిసినవారు, జెండాల కొలతలు, కుట్టు తెలిసినవారు కలిసి ఈ జవాబులు రాశారు.

ప్రశ్న: మేముండే అపార్ట్‌మెంట్‌లో ఏటా నవంబరు 1న పసుపు, ఎరుపు జెండా ఎగరేస్తారు. చందా మేమూ ఇస్తాం. అది కర్ణాటక ప్రభుత్వ జెండాయేనా? వాళ్లకు ఉన్నప్పుడు తెలుగు రాష్ట్రాలకు ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

అది ప్రభుత్వ జెండా కాదండీ, జనం జెండా. కన్నడ ఉద్యమంలో పనిచేసిన మ. రామమూర్తి 1960లలో దాన్ని రూపొందించారు. పైన పసుపు, కింద ఎరుపు. కన్నడిగులు అరిశిన, కుంకుమ అంటారు. మన పసుపు కుంకుమలే. ఏ జీవో లేకుండా, ఏ చట్టం లేకుండా ఇన్ని దశాబ్దాలుగా ఆ జెండా ఆటోల మీద, బస్టాండ్ల దగ్గర, ఇళ్ల మీద నిలబడింది.

దాన్ని అధికారికం చేయాలన్న ప్రయత్నాలు కూడా జరిగాయి. 2012లో సదానంద గౌడ ప్రభుత్వం నవంబరు 1న ప్రభుత్వ కార్యాలయాలు, బడుల మీద దాన్ని ఎగరేయాలని బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించింది. విషయం హైకోర్టుకు వెళ్లాక, రాష్ట్రానికి వేరే జెండా దేశ ఐక్యతకు మంచిది కాదంటూ తానే వెనక్కి తగ్గింది. 2017లో సిద్ధరామయ్య ప్రభుత్వం చట్టపరమైన అంశాలు చూడమని తొమ్మిది మందితో కమిటీ వేసింది. 2018 మార్చి 8న ఆయన కొత్త నమూనాను ఆవిష్కరించారు. పసుపు, ఎరుపుల మధ్య తెలుపు పట్టీ, ఆ తెలుపులో రాష్ట్ర చిహ్నమైన గండభేరుండం, అంటే రెండు తలల పక్షి. ఆమోదం కోసం కేంద్రానికి పంపారు. ఆమోదం రాలేదు. పాత రెండు రంగుల జెండాకు అలవాటు పడినవారిలో కొందరికి మధ్యలో తెలుపు రావడమే నచ్చలేదు. అందుకే మీ అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ఎగిరేది రామమూర్తి జెండాయే.

ఇక మనకెందుకు లేదంటారా, ఈ రోజున 28 రాష్ట్రాల్లో ఏ ఒక్కదానికీ కేంద్రం గుర్తించిన జెండా లేదు. ఉండొచ్చు, ఉంటే మంచిదే అని మేం అనుకుంటున్నాం. రాష్ట్ర జెండా వల్ల దేశం చీలుతుందన్న భయంలో పస తక్కువ. అసలు చిక్కంతా రాష్ట్రం లోపలే ఉంది. ఆ జెండాలో ఎవరికి చోటు ఉంటుంది, ఎవరికి ఉండదు, అధికారంలో ఉన్న పార్టీ దాన్ని తన రంగుల్లోకి లాక్కోకుండా ఎలా ఆపుతాం అన్నవే గట్టిగా ఆలోచించాల్సిన ప్రశ్నలు.

ప్రశ్న: రాష్ట్రానికి జెండా ఉండకూడదని రాజ్యాంగంలో ఎక్కడైనా ఉందా? బొమ్మై కేసులో సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చిందని పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివాను.
– న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

ఉండకూడదని ఎక్కడా లేదు. ఉండొచ్చని కూడా లేదు. ఏడో షెడ్యూలులోని మూడు జాబితాల్లో రాష్ట్ర జెండా అన్న అంశమే కనిపించదు. 51ఎ అధికరణం పౌరులు జాతీయ పతాకాన్ని గౌరవించాలంటుంది. వేరే జెండాల ఊసెత్తదు.

చట్టాలు ఒక్కొక్కటిగా చూడండి. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం జాతీయ జెండాను కాల్చడం, చింపడం, అవమానించడం వంటి పనులకు మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. మరో జెండా పెట్టుకోవడాన్ని అది నేరం అనలేదు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం వాటిని వ్యాపారానికి వాడుకోకుండా ఆపేది. దాని షెడ్యూలులో జాతీయ జెండా ఉంది, రాష్ట్ర ప్రభుత్వాల చిహ్నాలు, ముద్రలు ఉన్నాయి. రాష్ట్ర జెండా లేదు. చేర్చాలంటే కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. ఆ చట్టంలోని 8వ సెక్షన్ అందుకు వీలిస్తుంది.

మూడోది 2005 నాటి చట్టం, అశోక స్తంభపు సింహాల చిహ్నం వాడకం మీద. కర్ణాటక నమూనాకు ఇది నేరుగా తగులుతుంది. ఆ రాష్ట్ర చిహ్నంలో గండభేరుండం పైన సింహాలు ఉన్నాయి కాబట్టి, చిహ్నాన్ని యథాతథంగా జెండా మీదికి ఎక్కిస్తే సింహాలూ ఎక్కుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల చిహ్నాల్లో కూడా సింహాలు ఉన్నాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరపడుతుంది.

ఇక ఫ్లాగ్ కోడ్, అంటే జాతీయ జెండాను ఎలా వాడాలో చెప్పే నియమావళి. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. జాతీయ జెండా కంటే ఎత్తులో గానీ, దానికి పైన గానీ, నియమావళి చెప్పిన సందర్భాల్లో తప్ప దాని పక్కన గానీ మరో జెండా ఉండకూడదని చెబుతుంది. ఆ మినహాయింపులు ఇతర దేశాల జెండాలకు, ఐక్యరాజ్యసమితి జెండాకు ఇచ్చారు. రాష్ట్ర జెండా అన్న మాట అక్కడ లేదు. మా దృష్టిలో చట్టపరంగా అసలు ముడి ఇక్కడే పడింది. విప్పడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఫ్లాగ్ కోడ్ కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కార్యనిర్వాహక సూచనల సంపుటి. 13వ అధికరణం అర్థంలో అది చట్టం కాదని 2004లో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. హోంశాఖ ఒక పేరా చేర్చితే ముడి వీడుతుంది.

బొమ్మై కేసు సంగతి. 1994 నాటి ఆ తీర్పు 356వ అధికరణం మీద, అంటే రాష్ట్ర ప్రభుత్వాల రద్దు మీద తొమ్మిది మంది న్యాయమూర్తులు ఇచ్చినది. రాష్ట్ర జెండా అక్కడ తేల్చవలసిన అంశమే కాదు. ఆ తీర్పులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, కేంద్రానికి ఎక్కువ అధికారాలు ఉన్నంత మాత్రాన రాష్ట్రాలు దానికి తోకలు అయిపోవని రాశారు. సమాఖ్య స్ఫూర్తికి ఆ తీర్పును ఉదహరించండి. జెండాకు అనుమతిపత్రంగా ఉదహరించకండి. పరీక్షలో మార్కు వస్తుందేమో గానీ కోర్టులో నిలబడదు.

ఒక బలహీనత కూడా ఒప్పుకోవాలి. ఏ జాబితాలోనూ లేని అంశం మీద చట్టం చేసే అవశేషాధికారం 248వ అధికరణం ప్రకారం పార్లమెంటుది. అందువల్ల అసెంబ్లీ ఏకంగా జెండా చట్టం చేస్తే, మీకు ఆ అధికారం ఎక్కడిదని ఎవరైనా సవాలు చేయగలరు. చిహ్నాన్ని జీవోతో తెచ్చుకున్నట్టే జెండాను కూడా అసెంబ్లీ తీర్మానం, ఆ వెంట జీవోతో తెచ్చుకుని, గుర్తింపు కోసం కేంద్రాన్ని అడగడం క్షేమమైన దారి. 1970లో తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి జాతీయ జెండాను ఒక మూలలో, రాష్ట్ర గోపుర చిహ్నాన్ని మరో మూలలో పెట్టి ఒక నమూనా ప్రతిపాదించారు. అది కూడా ముందుకు సాగలేదు. అంటే ఈ కోరిక నిన్నా మొన్నటిది కాదు.

ప్రశ్న: మా కాలనీ పార్కులో ఒకటే జెండా స్తంభం ఉంది. జాతీయ జెండా కింద కన్నడ జెండా కడదామని కొందరు, పక్కన ఇంకో స్తంభం వేద్దామని కొందరు. ఏది సరైనది?
– సంక్షేమ సంఘం కార్యదర్శి, బళ్లారి

ఒకే స్తంభానికి రెండు జెండాలు కట్టకూడదు. పైన జాతీయ జెండాయే ఉన్నా సరే. ఫ్లాగ్ కోడ్ ఈ మాట విడిగా చెప్పింది. ఎక్కువగా జరిగే తప్పు కూడా ఇదే.

ఆగస్టు 15, జనవరి 26న జాతీయ జెండా ఒక్కటే ఎగరేయండి. నవంబరు 1న కన్నడ జెండా ఒక్కటే ఎగరేస్తే ఏ తంటా లేదు. రెండూ ఒకే రోజు ఉండి తీరాలని సంఘం పట్టుబడితే, పక్కపక్కన అన్న మాటే రాకుండా స్థలం విడదీయండి. జాతీయ జెండా పార్కు మధ్య గద్దె మీద ఉండాలి. రెండోది గేటు దగ్గరో, సంఘం ఆఫీసు ముందో, పొట్టి స్తంభం మీద ఉండాలి.

కొలతలు ఇలా చూసుకోండి. జెండా పొడవు స్తంభం ఎత్తులో దాదాపు నాలుగో వంతు ఉంటే కంటికి బాగుంటుంది, గాలికి కూడా సరిగా ఎగురుతుంది. 20 అడుగుల స్తంభానికి ఫ్లాగ్ కోడ్‌లోని 1350 × 900 మిల్లీమీటర్ల సైజు సరిపోతుంది. రెండో స్తంభం 14 అడుగులు పెట్టి, ఒక మెట్టు తక్కువ సైజు, అంటే 900 × 600 జెండా కట్టండి. ఎగరేసేటప్పుడు జాతీయ జెండా ముందు, దించేటప్పుడు అది చివర.

వేదిక మీద పెట్టేటప్పుడు కుడి, ఎడమల దగ్గర అందరూ తడబడతారు. జాతీయ జెండా వక్తకు కుడివైపు ఉండాలి. అంటే వక్త జనం వైపు తిరిగి నిలబడినప్పుడు ఆయన కుడిచేయి వైపు. కింద కూర్చున్నవారికి అది ఎడమ పక్కన కనిపిస్తుంది. కుర్చీల వైపు నిలబడి ఏర్పాట్లు చూసేవారు తమ కుడివైపు పెట్టించి పొరపాటు చేస్తుంటారు. ఊరేగింపులో అయితే నడిచేవారి కుడివైపు, లేదా వరుస మధ్యలో అందరికంటే ముందు.

స్తంభం కొనకు పూలదండలు, మామిడాకులు కట్టకండి. ఎగరేసే ముందు జెండా మడతలో పూలరేకులు ఉంచడానికి మాత్రం స్వాతంత్ర్య, గణతంత్ర దినాల్లో అభ్యంతరం లేదు.

ప్రశ్న: హైదరాబాద్ సంస్థానానికి జెండా ఉండేదని మా తాతగారు చెప్పేవారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

నిజమే. ఆసఫ్‌జాహీల జెండా పసుపు రంగుది, మధ్యలో తెల్లని గుండ్రని గుర్తు ఉండేది. దాన్ని కుల్చా రొట్టె అంటారు. వంశ స్థాపకుడికి ఒక సూఫీ సాధువు కుల్చాలు పెట్టాడన్న కథ దానితో ముడిపడి ఉంది. ట్రావన్‌కోరుకు ఎర్రబట్ట మీద తెల్ల శంఖం ఉండేది. అవి ప్రభువుల జెండాలు, ప్రజలు ఎన్నుకున్నవి కావు. సంస్థానాలు విలీనమయ్యాక వాటి హోదా పోయింది. ఇప్పుడు మాట్లాడుకుంటున్న రాష్ట్ర జెండాకు వాటిని పూర్వరూపంగా చూపడం సరికాదు.

ప్రశ్న: ఇక్కడ ప్రతి బడి ముందు అమెరికా జెండాతో పాటు టెక్సాస్ జెండా ఎగురుతుంది. సమాన ఎత్తులో ఎగరేసే హక్కు టెక్సాస్‌కు మాత్రమే ఉందంటారు. మిగతా దేశాల్లో ఎలా?
– ఒక పాఠకుడు, డల్లాస్

ఆ మాట అక్కడ బాగా ప్రచారంలో ఉంది గానీ నిజం కాదు. వేర్వేరు స్తంభాలైతే ఏ రాష్ట్ర జెండా అయినా దేశ జెండాతో సమాన ఎత్తులో ఉండొచ్చు, దేశ జెండా తన కుడివైపు ఉంటే చాలు. ఒకే తాడు మీద కడితే దేశ జెండా పైన ఉండాలి. మన ఫ్లాగ్ కోడ్ వద్దన్నదాన్ని అక్కడి నియమం మర్యాద చెప్పి ఒప్పుకుంది.

అమెరికాలో 50 రాష్ట్రాలకూ జెండాలున్నాయి. కాని వాటిలో చాలావాటి నుంచి నేర్చుకోవలసింది ఎలా చేయకూడదో. నీలిబట్ట మధ్యలో రాష్ట్ర ముద్ర, దాని చుట్టూ అక్షరాలు. ఇరవై గజాల దూరం నుంచి చూస్తే ఏది ఏ రాష్ట్రానిదో తెలియదు. 2001లో ఉత్తర అమెరికా జెండాల అధ్యయన సంఘం నిర్వహించిన పోలింగులో న్యూమెక్సికోకు మొదటి స్థానం దక్కింది. పసుపు బట్ట మీద ఎర్రని సూర్యుడు, అంతే. అప్పటి జార్జియా జెండా ఆఖరున నిలిచింది. అందులో ముద్ర, అక్షరాలు, వరసగా ఐదు బుల్లి జెండాలు ఇరికించారు. రెండేళ్లకే దాన్ని మార్చేశారు.

మిసిసిపీ కథ మరింత గట్టిది. 1894 నుంచి ఆ రాష్ట్ర జెండా మూలలో, బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది కూటమి యుద్ధ జెండా ఉండేది. రాష్ట్ర జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్న నల్లవారికి సొంత రాష్ట్ర జెండాయే గాయం అయింది. 2020 జూన్‌లో శాసనసభ దాన్ని రద్దు చేసింది, నవంబరులో ఓటర్లు మాగ్నోలియా పువ్వున్న జెండాను ఒప్పుకున్నారు. జెండా వల్ల మిసిసిపీ అమెరికా నుంచి విడిపోలేదు. తన మనుషుల్లోనే కొందరిని బయట నిలబెట్టింది. రాష్ట్ర జెండాలో ప్రమాదం ఎక్కడుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

జర్మనీలో 16 రాష్ట్రాలకూ జెండాలున్నాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో రెండు రకాలు ఉంటాయి. సాదా రంగుల జెండా ఎవరైనా ఎగరేయొచ్చు. రాష్ట్ర చిహ్నం ఉన్నది ప్రభుత్వ కార్యాలయాలకు మాత్రమే. ఈ ఏర్పాటు మన దేశానికి చక్కగా సరిపోతుంది. సింహాలున్న చిహ్నం ప్రైవేటు చేతుల్లో పడుతుందన్న బెంగ ఉండదు, జనానికి తమ జెండా తమకుంటుంది.

స్పెయిన్ 1978 నాటి రాజ్యాంగంలోనే 4వ అధికరణంలో ఒక వాక్యం రాసుకుంది. స్వయంపాలిత ప్రాంతాలు తమ జెండాలను గుర్తించుకోవచ్చు, ప్రభుత్వ భవనాల మీద వాటిని దేశ జెండాతో కలిపి వాడాలి. కాటలోనియా వేర్పాటువాదులు అధికారిక జెండాను కాకుండా, దానికి నీలి త్రికోణం, నక్షత్రం చేర్చిన వేరే జెండాను పట్టుకుంటారన్నది గమనించండి. విడిపోవాలనుకునేవారు అధికారిక జెండాతో తృప్తిపడరు, తమది తాము చేసుకుంటారు.

జెండాలు తీసేస్తే ఐక్యత పెరుగుతుందా? బ్రెజిల్‌లో గెటూలియో వర్గాస్ అదే అనుకున్నారు. 1937లో రాష్ట్రాల చిహ్నాలన్నీ రద్దు చేసి, నవంబరులో రియో డి జనీరోలో సభ పెట్టి రాష్ట్రాల జెండాలను తగలబెట్టించారు. ఆయన నియంతృత్వం పోగానే 1946 రాజ్యాంగం వాటిని తిరిగి ఇచ్చింది. ఇవాళ అక్కడ ప్రతి రాష్ట్రానికీ జెండా ఉంది.

ప్రశ్న: జమ్మూకశ్మీర్‌కు జెండా ఇచ్చి చూశాం కదా. ఏం జరిగిందో అందరికీ తెలుసు. మళ్లీ ఈ ముచ్చట ఎందుకు?
– విశ్రాంత ఉద్యోగి, కర్నూలు

మీ ఆందోళనను తేలిగ్గా తీసుకోవడం లేదు. అయితే వరస ఒకసారి చూడండి. 1952 జూన్ 7న ఆ రాష్ట్ర రాజ్యాంగ సభ ఆ జెండాను ఆమోదించింది. ఎర్రబట్ట, తెల్లని నాగలి, జమ్మూ, కశ్మీర్, లడాఖ్‌లకు గుర్తుగా మూడు తెల్లని నిలువు గీతలు. అదే ఏడాది ఢిల్లీ ఒప్పందంలో త్రివర్ణానిదే పైచేయి అని రాసుకున్నారు. 1957లో అమల్లోకి వచ్చిన రాష్ట్ర రాజ్యాంగం 144వ సెక్షన్‌లో ఆ జెండాకు చోటు దక్కింది. అరవై ఏడేళ్లు సచివాలయం మీద రెండు జెండాలూ ఎగిరాయి. 2019 ఆగస్టు 5 నిర్ణయంతో రాష్ట్ర రాజ్యాంగానికి కాలం చెల్లింది, దాని మీద ఆధారపడిన జెండా కూడా పోయింది. అదే నెల 25న శ్రీనగర్ సచివాలయం మీంచి దించారు.

అక్కడి తీవ్రవాదానికి ఆ నాగలి జెండా కారణమని చెప్పే ఆధారం ఏదీ లేదు. భారత యూనియన్‌లో ఉంటామన్న పార్టీలు ప్రమాణం చేసింది ఆ జెండా కిందే. అక్కడి జెండా ప్రత్యేక రాజ్యాంగంతో ముడిపడి వచ్చింది. కర్ణాటక అడుగుతున్నది అలాంటిది కాదు, ఉన్న రాజ్యాంగం లోపల ఒక సాంస్కృతిక గుర్తు.

కేంద్రం వెనకాడటానికి మరో కారణం నాగాల చర్చలు. 2015 ఆగస్టు 3న నాగా సంస్థ ఎన్‌ఎస్‌సీఎన్‌–ఐఎంతో ముసాయిదా ఒప్పందం కుదిరినా, వేరే జెండా, వేరే రాజ్యాంగం అన్న చోట ఆగిపోయింది. ఒకరికి ఔనంటే ఇంకొకరికి కాదనడం కష్టమన్నది ఢిల్లీ లెక్క. మా అభిప్రాయం దీనికి విరుద్ధంగా ఉంటుంది. అన్ని రాష్ట్రాలకూ ఒకే నియమం కింద జెండా వస్తే, జెండా అన్నది ప్రత్యేక హోదాకు గుర్తుగా మిగలదు. ఎవరికీ లేనప్పుడే అది అంత బరువైన కోరిక అవుతుంది.

ప్రశ్న: వాట్సాప్‌లో ఆంధ్రప్రదేశ్ జెండా, తెలంగాణ జెండా అంటూ రకరకాల బొమ్మలు తిరుగుతున్నాయి. అసలైనవి ఏవి? మన రాష్ట్రాలకు జెండా చేసుకోవాలంటే ఎలా ఉండాలి?
– డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

అసలైనది ఏదీ లేదు. తెల్లబట్ట మీద చిహ్నం అచ్చేసినవి ఎవరో ఊహించి గీసిన బొమ్మలు. దేశానికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య మన భట్లపెనుమర్రువారు. 1921లో బెజవాడలోనే గాంధీజీకి దాన్ని చూపించారు. జెండా గురించి ఇంత తెలిసిన నేల మీద మంచి నమూనా తయారుకాకపోవడానికి కారణం లేదు.

ముందు రంగుల చిక్కు చెప్పుకోవాలి. పసుపు ఒక పార్టీది, గులాబీ ఒక పార్టీది, నీలం, ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు, అన్నిటికీ యజమానులున్నారు. 2020లో గ్రామ పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండా రంగులు వేస్తే, వాటిని తొలగించమని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లినా ఫలితం దక్కలేదు. గోడ రంగుకే అంత జరిగితే జెండా రంగుకు ఎంత జరుగుతుందో ఊహించండి. అందుకని గుర్తింపు బరువును రంగు మీద కాకుండా ఆకారం మీద పెట్టాలి. అమరావతి స్తూపం నుంచి వచ్చిన పూర్ణఘటం, ఓరుగల్లు కాకతీయ తోరణం రెండూ ఎవరి ఎన్నికల గుర్తూ కావు.

వీటికి ఇంకో సుగుణం ఉంది. రెండూ కుడి ఎడమలు సమానంగా ఉన్న ఆకారాలు. జెండాను జనం రెండు వైపుల నుంచీ చూస్తారు. అశోక చక్రం 24 ఆకులతో ఎటు చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అదే తెలంగాణ చిహ్నాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారనుకోండి. అందులో తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ అక్షరాలున్నాయి. వెనుక నుంచి అన్నీ తిరగబడి కనిపిస్తాయి. రెండు వైపులా సరిగా కనిపించాలంటే రెండు బట్టలు కలిపి కుట్టి, మధ్యలో అడ్డంగా మరో పొర వేయాలి. బరువు పెరుగుతుంది. మామూలు గాలికి జెండా ఎగరదు, కర్రకు అతుక్కుని వేలాడుతుంది. పైగా సింహాల చట్టం అడ్డొస్తుంది. చిహ్నం మొత్తం కాకుండా అందులోంచి ఒక్క ఆకారం తీసుకోవాలని మేం చెప్పేది అందుకే.

మీ పిల్లలకు ఒక పరీక్ష పెట్టండి. నమూనాను ఒక నిమిషం చూపించి దాచేయండి. ఐదో తరగతి పిల్లలు చూడకుండా గీయగలిగితే అది పనికొస్తుంది. తర్వాత దాన్ని తపాలా బిళ్ల అంత చేసి చూడండి. గుర్తుపట్టగలరా? నలుపు తెలుపులో ఫొటోకాపీ తీయండి. రంగులు విడివిడిగా తెలుస్తున్నాయా? ఈ మూడింట్లో ఒక్కటి తప్పినా మళ్లీ గీయాల్సిందే. రంగులు మూడుకు మించకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, భాష జెండా వేరు, రాష్ట్రం జెండా వేరు. కర్ణాటకలోది మొదట కన్నడ భాషాభిమానుల జెండా. బెళగావిలో మరాఠీ మాట్లాడేవారు ఎక్కువగా ఉండటంతో, నగరపాలిక కార్యాలయం ముందు ఆ జెండా ఎగరేయడం పెద్ద తగాదా అయింది. మన దగ్గర ఆదిలాబాద్ గోండులు, లంబాడీలు, పాతబస్తీ ఉర్దూవారు, చిత్తూరు తమిళులు, ఇచ్ఛాపురం ఒడియావారు ఉన్నారు. జెండాను చూసి ఇది మాది కాదు అని వాళ్లు అనుకుంటే ఆ జెండా ఓడినట్టే. 2024లో తెలంగాణ చిహ్నం మార్చబోయినప్పుడు తోరణం, చార్మినార్ పోతాయన్న వార్తకే ఎంత అలజడి రేగిందో, మార్పు ఎలా వాయిదా పడిందో చూశాం. జనాన్ని అడగకుండా గుర్తులను ముట్టుకోకూడదు.

చేసే పద్ధతి ఇలా ఉంటే బాగుంటుంది. ప్రభుత్వం కమిటీ వేయాలి, అందులో ప్రతిపక్షం, గిరిజన, మైనారిటీ ప్రతినిధులు, ఒక చరిత్రకారుడు, ఒక నేత పనివాడు ఉండాలి. జనం నుంచి నమూనాలు తీసుకోవడానికి కనీసం ఆరు నెలలు ఇవ్వాలి. చివరి నాలుగైదింటిని బట్ట మీద కుట్టించి నిజంగా ఎగరేసి చూడాలి. కాగితం మీద అందంగా ఉన్నది గాలిలో ముద్దలా కనిపించొచ్చు. అసెంబ్లీలో మూడింట రెండొంతుల మద్దతుతో తీర్మానం చేయాలి. మార్చాలన్నా అదే లెక్క పెట్టాలి, లేకపోతే ఐదేళ్లకోసారి జెండా మారుతుంది. జీవోకు కొలతల పటం జతచేయాలి. పొడవు, వెడల్పు నిష్పత్తి 3:2, పట్టీల కొలత, రంగు నంబర్లు అందులో ఉండాలి. రంగు నంబరు రాయకుండా పసుపు అని వదిలేస్తే నిమ్మపండు నుంచి పసుపుకొమ్ము దాకా ఒక్కో దర్జీ ఒక్కో పసుపు కుడతాడు.

ప్రశ్న: సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి నవంబరు 1 కోసం పసుపు, ఎరుపు జెండాల ఆర్డర్లు వస్తాయి. 900 × 600 సైజుకు బట్ట ఎంత కత్తిరించాలి? పోయినసారి కుట్టినవి నెలకే అంచు చిరిగిపోయాయి.
– దర్జీ, హిందూపురం

ఒక్కో రంగు పట్టీ కుట్టాక 900 × 300 రావాలి. కత్తిరించేటప్పుడు పొడవు 955, వెడల్పు 335 మిల్లీమీటర్లు పెట్టుకోండి. పొడవులో ఎక్కువ తీసుకున్న 55లో 40 ఎగిరే అంచు మడతకు, 15 కర్ర వైపు పట్టీ అతకడానికి. వెడల్పులో 35లో 20 బయటి అంచు మడతకు, 15 రెండు రంగుల అతుకుకు. 36 అంగుళాల పన్నా బట్టలో ఒక్క మీటరుకు ఇలాంటి పట్టీలు రెండు వస్తాయి. అంటే పసుపు ఒక మీటరు, ఎరుపు ఒక మీటరు ఉంటే రెండు జెండాలు అవుతాయి.

రెండు బట్టలనూ ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. ఎరుపు రంగు దిగే బట్ట అయితే మొదటి వానకే పసుపు మీదికి పారుతుంది. ఒక రంగు ఎక్కువ కుంచించుకుంటే మధ్య కుట్టు మెలి తిరుగుతుంది. రెండు రంగులకూ ఒకే రకం బట్ట వాడండి. పాలిస్టర్ తేలిక, చిన్న గాలికే ఎగురుతుంది, త్వరగా ఆరుతుంది. నూలు తడిస్తే బరువెక్కుతుంది.

చిరిగేది ఎప్పుడూ కర్రకు దూరంగా ఉన్న అంచే. గాలికి అది కొరడాలా కొట్టుకుంటుంది. ఒకసారి మడిచి ఒక్క వరుస కుడితే ఆగదు. ఆ 40 మిల్లీమీటర్లను రెండు సార్లు మడిచి నాలుగు వరుసలు కుట్టండి, పైమూల, కిందిమూలల్లో చిన్న త్రికోణం గుడ్డ లోపలివైపు వేసి కుట్టండి. దారం పాలిస్టర్‌దే వాడండి, నూలు దారం ఎండకు ముందే తెగుతుంది. కర్ర వైపు మందపాటి తెల్ల కాన్వాసు పట్టీ వేసి, పై చివర తాడు ముడి దగ్గర పసుపు దారంతో గుర్తు కుట్టండి. ఎగరేసేవారు తలకిందులుగా కట్టకుండా ఉంటారు.